అచ్చులో లేని వారం

మా దీవుల్లో సెలవంటే టికెట్టు. ఓడ టికెట్టో విమానం టికెట్టో చేతిలో లేకుండా సెలవు అడిగే మనిషిని ఎవరూ నమ్మరు. డెలానీపూర్‌లో మా ఆఫీసులో నేను సెలవు చీటీ ఇచ్చిన పూటే పక్క సీటావిడ కుర్చీ నా వైపు జరుపుకుంది.

"మెయిన్‌లాండ్ కబ్ జా రహీ హో, దీదీ?"

సముద్రం అవతలికి ఎప్పుడు వెళ్తున్నావని. ఎక్కడికీ లేదు, ఇంట్లోనే ఉంటానని చెప్పాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పే వేళకి సగం మంది నాకేదో ఆపరేషన్ ఉందనీ, మిగతా సగం మంది మా ఆయనకీ నాకూ చెడిందనీ తేల్చేశారు. వేసవి సెలవులకి మా ఆయన మా అమ్మాయిని తీసుకుని విశాఖపట్నంలో మా ఆడపడుచు ఇంటికి వెళ్తున్నాడు, నేను వెళ్లడం లేదు. రెండో వర్గం వాళ్లకి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? చదువుకోవడానికి ఉండిపోతున్నానని నిజం చెబితే అందరూ నవ్వారు. ఏ పరీక్షకి అని ఒకాయన అడిగాడు.

నేను చదవాలనుకున్నది ఒకే ఒక్క పుస్తకం. అది ఏ దుకాణంలోనూ దొరకదు. మా అమ్మ కుట్టిన పుస్తకం. వారపత్రికల్లో వచ్చే సీరియల్ పేజీలు చింపి, వరసగా పేర్చి, పుస్తకంగా కుట్టుకోవడం ఒకప్పుడు తెలుగువాళ్ల ఇళ్లల్లో ఉన్న అలవాటే. మా అమ్మ కుట్టినవి మాత్రం దారంతో కావు, వలలు అల్లే నైలాన్ తాడుతో, వలలు అల్లే సూదితో. పాత క్యాలెండర్ అట్ట పైన వేసి ఆవిడ ఒకసారి ముడేస్తే ఆ ముడి కత్తికి కూడా లొంగేది కాదు. మా తేమకి ఇక్కడ చెప్పులు కూడా బూజు పడతాయి. అలాంటిది ఆ పుస్తకాలు చెదలకి చిక్కకుండా ఒక ఇనప పెట్టెలో బతికాయి. అమ్మ పోయాక ఆ పెట్టె డాలీగంజ్‌లో మా ఇంటికి చేరి, మంచం కింద ఉండిపోయింది.

ఆ పుస్తకాల్లో ఒకదాని మీద నాకు ప్రాణం. ఎందుకంటే అందులో మా ఊరుంది. నేను పుట్టి పెరిగిన బాంబూఫ్లాట్, చాతం నుంచి ఫెర్రీ వచ్చి ఆగే మా జెట్టీ, జెట్టీ పైన గట్టు మీద వరస ఇళ్లు, అన్నీ ఒక తెలుగు నవలలో ఉన్నాయి. ఈ సంగతి నేను ఎంత గొప్పగా చెప్పుకున్నానో లెక్క లేదు. పెళ్లయిన కొత్తలో మా ఆయనకి చెప్పాను. ఆఫీసులో చెప్పాను. మా అమ్మాయికి ఊహ తెలిసినప్పటి నుంచీ చెబుతూనే ఉన్నాను. మా ఆడపడుచు పుస్తకాల పురుగు. ఆవిడ ఒకసారి, "నేనెక్కడా చదవలేదే. ఏదీ, ఆ పేజీ చూపించు" అంది. చూపిస్తానన్నాను. చూపించాలంటే ముందు నేను వెతికి పట్టుకోవాలి కదా. ఆ పుస్తకం నేను విన్నదే గాని చదివింది కాదు. మా చదువులు హిందీలో సాగాయి. తెలుగు మాకు నోటి భాష. పెళ్లి శుభలేఖ, దుకాణం బోర్డు దాకా ఫరవాలేదు గాని, నిండు పేజీ చూస్తే ఇప్పటికీ నాకు చెమటలు పడతాయి.

అమ్మ అలా కాదు. శ్రీకాకుళం సముద్రపొడ్డున అయిదో క్లాసు దాకా చదివి, నాన్నని పెళ్లాడి ఓడెక్కి వచ్చింది. మా వరసలో చదవడం వచ్చిన ఆడమనిషి ఆవిడొక్కతే. నాన్నా, మిగతా ఇళ్ల మగవాళ్లూ చేపల వేటకి పోయేవాళ్లు. గాలివాన రోజుల్లో బోట్లు ఒడ్డున కట్టేసి ఉన్నప్పుడు ఆడవాళ్లంతా మా రేకుల పంచలో చేరి చిరిగిన వలలు బాగుచేసేవారు. ఓడలో వంట పనిచేసే మా బంధువు ఒకాయన విశాఖపట్నం నుంచి వారపత్రికలు కట్టగా తెచ్చి ఇచ్చేవాడు. ఓడ వచ్చినప్పుడే పత్రిక వచ్చినట్టు. నాలుగైదు వారాలు ఒకేసారి వచ్చేవి.

అమ్మ చదివేది, వాళ్లు వినేవారు. ఊరికే కాదు. అమ్మ చదువుతున్నంతసేపూ మా ఇంటి వల కూడా వాళ్లే బాగుచేసేవారు. దానికో నియమం ఉండేది. పత్రికల కట్ట అందరి ముందే విప్పాలి. అమ్మ ముందుగా ఒక్క పేజీ కూడా చదివి ఉండకూడదు. చదివితే ఆవిడ గొంతులో తెలిసిపోతుందని వాళ్ల గట్టి నమ్మకం. ఎప్పుడైనా కథలో ఏడుపొచ్చే చోట అమ్మ ఏడవకపోతే చాలు, "ముందే సదివీసినావు గదే" అని నిలదీసేవారు. కట్టని దేవుడి పటం వెనక పెట్టి, అందరూ వచ్చేదాకా అమ్మ దాని వైపు చూడకుండా తిరిగేది. తనకోసం తాను ఒక పేజీ చదువుకోవడం నేను ఏనాడూ చూడలేదు. అప్పట్లో అది నాకు వింతగా తోచలేదు.

ఆ నవలలో ఒక కొత్త కోడలు. అత్తవారింట నలిగి నలిగి ఒకరోజు తెల్లారుతుండగా రేకు పెట్టె పట్టుకుని ఇల్లు వదిలి వచ్చేస్తుంది. స్టేషన్లో నిలబడుతుంది. ఆ తర్వాత విశాఖపట్నం చేరి ఓడెక్కుతుంది. ఓడ దిగి, ఫెర్రీ ఎక్కి, ఎక్కడికి వస్తుందనుకున్నారు? మా బాంబూఫ్లాట్‌కి. గట్టు మీద జెట్టీ కనబడే గది అద్దెకి తీసుకుంటుంది. మర్నాడు పొద్దున్నే తలుపు గడియ పెట్టుకుంటుంది. పొయ్యి వెలిగించదు. కిటికీ దగ్గర కూర్చుని పుస్తకం తెరుస్తుంది. కింద ఫెర్రీ కూత వేస్తుంది, వెళ్తుంది, మళ్లీ వస్తుంది. ఆమెను ఎవరూ పిలవరు. అక్షరాలు కనబడనంత చీకటి పడేదాకా చదువుతుంది, తర్వాత దీపం పెట్టుకుని మళ్లీ చదువుతుంది. అమ్మ ఆ భాగం చదువుతున్నప్పుడు నేను వలల కుప్ప మీద పడుకుని ఉన్నాను. మా జెట్టీ పేరు వినబడగానే లేచి కూర్చున్నాను. కథల్లోకి రావడానికి మేం కూడా పనికొస్తామని నాకు ఆ రోజే తెలిసింది.

ఈ సెలవులో ఆ పేజీ నా కళ్లతో నేను చదవాలి. మా అమ్మాయి తిరిగొచ్చేసరికి వేలు పెట్టి చూపించాలి. అంతకంటే ఎక్కువగా, ఆ మాటల్లో అమ్మ గొంతు ఒక్కసారి వినాలి. అమ్మ మాట ఒక్కటీ మా దగ్గర రికార్డు చేసి లేదు. ఫొటోలున్నాయి, అన్నిట్లోనూ నోరు మూసుకునే ఉంది.

ఓడ వాళ్లిద్దరినీ తీసుకెళ్లింది. ఇల్లు నాది. ఇక చదవడమే తరువాయి అనుకున్నాను గాని, పని చేసి చేసి అలవాటైన చేతులు ఊరుకుంటాయా? మొదటి రోజు కందిపప్పు డబ్బాలో పురుగు కనబడింది. పప్పు ఎండబెట్టాను కదా అని బియ్యం, బియ్యం ఎండబెట్టాను కదా అని పరుపులు. మా కాలనీకి కుళాయి నీళ్లు రోజూ రావు. వచ్చిన రోజు బిందెలు, బకెట్లు, డ్రమ్ములు నింపడంతోనే పొద్దు గడిచిపోతుంది. ఏళ్ల తరబడి సగంలో ఆగిన క్రోషియా బల్లగుడ్డ బయటికి తీసి, ఎక్కడ ఆపానో అర్థంకాక రెండు వరసలు విప్పేసి, విప్పినవి మళ్లీ అల్లలేక లోపల పెట్టేశాను. పక్కింటావిడ వచ్చి, "ఛుట్టీలో ఉన్నావటగా, మా చిన్నదాన్ని కాస్త చూస్తుండు" అని పిల్లని వదిలి బజారుకి పోయింది. సెలవు పెట్టిన మనిషి ఖాళీగా ఉన్న రిక్షా లాంటిది, ఎవరు పడితే వాళ్లు ఎక్కుతారు.

ఒకరోజు పొద్దున్నే కోపం వచ్చి వీధి తలుపు గడియ పెట్టేశాను. ఫోన్ తీసుకెళ్లి బియ్యం డబ్బాలో పెట్టాను. మంచం కింద నుంచి పెట్టె లాగాను.

వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదివాను. మొదటి పేజీకి నాకు పట్టిన సమయంలో మా ఆడపడుచు ఒక నవల ముగించి ఉండేది. రెండో రోజుకి కాస్త వేగం వచ్చింది. మూడో రోజుకి పదాలు వాటంతట అవే నోట్లోకి రావడం మొదలుపెట్టాయి. కొన్ని వాక్యాలు కళ్లకంటే చెవులకి ముందే తెలుసు. అత్తగారు తిట్టే చోట అమ్మ గొంతు కీచుగా మార్చేది, నా గొంతూ దానంతటదే కీచుగా మారింది. ఒంటరిగా ఉన్న ఇంట్లో పకపకా నవ్వాను. అమ్మ దగ్గరికి వచ్చేస్తున్నట్టే ఉంది. కోడలు రేకు పెట్టె పట్టుకుని బయల్దేరింది. స్టేషన్‌కి వచ్చింది. రైలు వస్తున్న చప్పుడు. ఇంకా ఉంది అని ఆ వారం ముగిసింది. లేచి మొహం కడుక్కుని వచ్చి, దీపం ముందు కూర్చున్నట్టు కూర్చుని పేజీ తిప్పాను.

పేజీ పైన సీరియల్స్‌కి ఉండే మామూలు పెట్టె, "జరిగిన కథ". అందులో ఇలా ఉంది: ఆమె రైలెక్కి పినతల్లి ఊరు చేరుకుంది, పినతల్లి కన్నీళ్లతో లోపలికి తీసుకుంది. కింద కథ మొదలైంది. పినతల్లి వడ్డిస్తోంది, ఆమె తింటోంది.

పేజీ వెనక్కి తిప్పాను, ముందుకు తిప్పాను. వారం నంబరు ఒకటి ఎగిరిపోయింది. పేజీలు రాలిపోయాయేమోనని కుట్టు చూశాను. అమ్మ ముడి చెక్కుచెదరలేదు. ఆ మధ్య పేజీలు అసలెప్పుడూ ఆ కుట్టులో లేవు. పోనీ, మా ఊరికి తర్వాతెప్పుడో వస్తుందేమో, నాకు వరస గుర్తులేదేమో అనుకుని చివరిదాకా ఆపకుండా చదివాను. ఆ పిల్ల సముద్రం ముఖమే చూడలేదు. ఆఖరికి బుద్ధి తెచ్చుకుని మొగుడి దగ్గరికే వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండింది. తర్వాత ఏడుపొచ్చింది. పోయిన మనిషి ఇంకోసారి పోయినట్టు అనిపించింది.

ఆ పంచలో కూర్చుని విన్న ఆడవాళ్లలో ఇక్కడ మిగిలింది ఒక పిన్నే. వరసకి పిన్ని, నిజానికి అప్పట్లో మా పక్కింటావిడ. మర్నాడు పుస్తకం ప్లాస్టిక్ సంచీలో చుట్టుకుని చాతంలో ఫెర్రీ ఎక్కి బాంబూఫ్లాట్ వెళ్లాను. వాన మొదలైంది. పిన్ని గుమ్మం పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని వక్క నములుతోంది. ఆవిడ కళ్లకి ఇప్పుడు మనుషులు మసకగా కనబడతారు, గొంతుని బట్టి పోలుస్తుంది.

"ఏటే, మెయిన్‌లాండ్ పోనేదా? ఛుట్టీ అన్నారు?"

"పోలేదు పిన్నీ. చదువుకుంటున్నాను."

"అలగా" అంది. నవ్వని మనిషి ఆవిడొక్కతే.

పుస్తకం ఆవిడ ఒళ్లో పెట్టాను. వేళ్లతో ముడి తడుముకుని, "మీ యమ్మ కుట్టే" అంది. మా ఊరు ఉన్న వారం ఇందులో లేదని, ఏమైందో తెలుసా అని అడిగాను. ఆవిడ వక్కని రెండో దవడకి మార్చుకుంది.

"ఎక్కడుంటాది? ఆ పాలి జహాజులో ఆ వారం పుస్తకం రానేదు. కట్టిప్పితే మజ్జిలోది నేదు. ఆ పిల్ల టేసన్లో నిలబడిపోయింది. మాం ఊరుకుంటామా? ఏటవుద్ది, ఏటవుద్ది అని మీ యమ్మ పీక మీద కూకున్నాం. తర్వాత వారం పుస్తకం సేతిలో ఎట్టుకునే సెప్పడం మొదలెట్టింది. ఆ పిల్లని జహాజెక్కించి ఇక్కడికి తెచ్చీసింది."

"మీకు తెలుసా, అమ్మ కల్పిస్తోందని?"

"తెలీదేటి? పేజీ తిప్పితే గదా! ఒక్క పేజీ మీదే అంత కత వస్తాదా?" పిన్ని నవ్వింది. "నాను మజ్జిలో అడ్డం పడ్డాను గూడా. అంత గదుంటే సదవడమేటే, నానైతే పడుకుని నిద్రపోదును అన్నాను. అందరం నవ్వినాం. మీ యమ్మ నవ్వనేదు. సదువుకుంటాదంతే, ఎవులూ పిలవరు అంది."

పిన్ని ఇంకా చెప్పుకుపోయింది.

"ఇంకో జహాజుకి ఆ వారం పుస్తకం వచ్చింది. మీ యమ్మ తీసుకొచ్చి, ఇదిగో అసలు కత, సదవనా అంది. మాం వొద్దన్నాం. ఆ పిల్ల ఇక్కడ సుఖంగా ఉంది గదా, ఉండనీ అన్నాం. తర్వాత వారాల్లో పిన్నమ్మ ఇల్లని వస్తే, ఆ పిన్నమ్మ కూడా ఇక్కడే గట్టు మీద ఉంటాదనుకున్నాం. మాకేటి కష్టం?"

"మరి ఆ పుస్తకం?"

"ఏమో. ఎండుచేపలు సుట్టీసుంటాది."

నలుగురూ కలిసి అచ్చు కథని కాదని అమ్మ కథని ఉంచుకున్నారు. ఇన్నాళ్లూ నేను దాన్ని ఎవరో పెద్ద రచయిత రాశాడని ఊరంతా చాటుకున్నాను. మా ఆడపడుచుకి ఇక చూపించడానికి ఏ పేజీ లేదు. దానికి నాకు బాధ లేదు. మొదటిసారి నా మనసుకి తట్టింది వేరే. అమ్మకి ఏ సినిమా ఇష్టమో, ఏ కూర ఇష్టమో నాకు తెలుసు. ఆవిడకి ఏం కావాలో మాత్రం ఆ ఒక్క రోజే, వలలు బాగుచేసుకుంటున్న ఆడవాళ్ల మధ్య, వేరే ఎవరి మీదో పెట్టి బయటికి చెప్పింది. గడియ పెట్టిన తలుపు, వెలిగించని పొయ్యి, ఎవరూ పిలవని ఒక రోజు. అది ఆవిడకి ఎన్నడూ దొరకలేదు. దొరికింది నాకు, ఈ సెలవులో. నేను ఆ రోజులన్నీ ఆవిడ గొంతు వెతుక్కుంటూ గడిపాను.

"సదువు మరి. ఛుట్టీయే గదా" అంది పిన్ని.

"ఏం చదవను?"

"ఆ పిల్ల ఇల్లొదిలొచ్చే కాడి నుంచి."

గుమ్మంలో చాప వేసుకుని చదివాను. తడబడ్డాను, ఒక్కోచోట పదం విరిచి చదివి మళ్లీ కలుపుకున్నాను. పిన్ని కళ్లు మూసుకుని ఊఁ కొడుతోంది. స్టేషన్ వచ్చింది, రైలు చప్పుడు వచ్చింది, ఇంకా ఉంది అని వచ్చింది. ఆగాను. తర్వాతి పేజీ తిప్పితే పినతల్లి వడ్డిస్తూ ఉంటుంది.

"ఊఁ" అంది పిన్ని.

పుస్తకం తెరిచి ఉండగానే చెప్పడం మొదలుపెట్టాను. ఆ పిల్లని విశాఖపట్నం తీసుకెళ్లాను, ఓడెక్కించాను. అమ్మ చెప్పినన్ని మాటలు నాకు రావు, వచ్చినన్ని చెప్పాను. చాతంలో ఫెర్రీ ఎక్కించి గట్టు మీద గదికి తెచ్చాను. ఆమె తలుపు గడియ పెట్టుకుంది. పొయ్యి వెలిగించలేదు. కిటికీ దగ్గర కూర్చుని పుస్తకం తెరిచింది. ఇక ఆమెను ఎవరూ పిలవలేదు అని చెప్పాలి. నాకు తెలుసు. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"ఎవరో తలుపు కొట్టారు" అన్నాను.

పిన్ని కళ్లు తెరిచింది. "మీ యమ్మ సెప్పినప్పుడు ఎవులూ కొట్టనేదే."

"అవును పిన్నీ."

"మరెవులు?"

"కూతురు."

వాన రేకుల మీద గట్టిగా పడుతోంది. పిన్ని వక్క నమలడం ఆపి నా గొంతు వచ్చే వైపు తల తిప్పింది.

"తీసిందా?" అంది.

చదువుతున్న పేజీ అయిపోయాక తీస్తానంది అమ్మ, అంతదాకా గుమ్మంలో కూర్చోమంది, కూర్చున్నాను అని చెప్పాను.